సూడు పుండు: ఒక మాట కొట్టేయమని పదకొండు ఉత్తరాలు

పదకొండు ఉత్తరాలు రాశాను. ఏడు తమిళంలో, నాలుగు ఇంగ్లీషులో. తమిళంలో రాసినవాటికి జవాబు రాలేదు. ఇంగ్లీషులో రాసినవాటిలో ఒకటి మాత్రం తిరిగి నా చేతికే వచ్చింది. అందులో రెండు స్పెల్లింగు తప్పులకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి. అడిగినదానికి మాత్రం జవాబు లేదు. అందుకని ఈసారి ఇంట్లో మాట్లాడే భాషలో రాస్తున్నాను. ఇందులో తప్పులు పట్టగలవాడు ఆ ఆఫీసులో ఒక్కడూ లేడు. నాకున్న ఊరట అదే.

నేను పశువుల డాక్టరుని. విరుదునగరంలో ఒక నూనె మిల్లు ముదలాళి (మా వైపు యజమానిని అలాగే అంటారు) తండ్రి జ్ఞాపకంగా ఒక ట్రస్టు పెట్టి పశువుల ఆస్పత్రి కట్టించాడు. కొంతకాలం అక్కడ, ఆ తర్వాత అదే ట్రస్టు కోవిల్‌పట్టిలో తెరిచిన చిన్న ఆస్పత్రిలో పనిచేసి రిటైరయ్యాను. ట్రస్టు పేరు రాయను. రాస్తే ప్రచారం చేసినట్టవుతుంది. ఆ పని వాళ్ళ నూనె డబ్బాలు ఎలాగూ చేస్తున్నాయి.

నేను అడుగుతున్నది పెద్ద సంగతేం కాదు. కుక్కల చర్మం మీద వచ్చే ఒక పుండు గురించి ట్రస్టు ఒక కరపత్రం వేసింది. దాని తలమీద ఉన్న మాట తప్పు. ఆ మాట తీసేయమంటున్నాను. ఇంత పట్టుదల ఎందుకంటే, ఆ మాట పెట్టింది నేనే.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఇది చదవాలని నా కోరిక. నాకు ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో చెప్పి మీకు ఆవలింతలు తెప్పించను. వచ్చిన హోదాలు కూడా ఆవలింతకు సరిపడేంతే.

పుండు సంగతి

ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని హాట్ స్పాట్ అంటారు. చేత్తో తాకితే వేడిగా ఉంటుంది కనుక ఆ పేరు. కుక్కకి ఎక్కడో దురద పుడుతుంది. గోమారి పురుగు కావచ్చు, చెవిలో చీము కావచ్చు, స్నానం చేయించి సరిగా తుడవకపోవడం కావచ్చు. అది గోక్కుంటుంది, నాకుతుంది, కొరుక్కుంటుంది. జుట్టు కింద తడి నిలిచిపోతుంది. తడిలో క్రిములు పెరుగుతాయి. పొద్దున రూపాయి బిళ్ళంత ఉన్న ఎర్రటి మచ్చ సాయంత్రానికి అరచెయ్యంత అవుతుంది. రసి కారి, చుట్టూ ఉన్న జుట్టు అట్టకట్టి, పుండుకి మూత వేసినట్టు కూర్చుంటుంది.

వైద్యం చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. పుండు చుట్టూ, మంచి చర్మం కనబడేదాకా జుట్టు కత్తిరించాలి. క్రిములు చచ్చే మందునీళ్ళతో మెల్లగా కడగాలి. ఆరబెట్టాలి. దురదకి, అవసరమైతే చీముకి మందివ్వాలి. నాలుక తగలకుండా మెడకి గరాటు కట్టాలి. దురద ఎందుకు మొదలైందో వెతకాలి. నూనె పూయకూడదు, జిడ్డు మందు రాయకూడదు, కట్టు కట్టకూడదు. గాలి తగలనివ్వాలి. ఇంతే.

ఈ 'ఇంతే' నాకు తెలియడానికి పదమూడేళ్ళు పట్టింది. నన్ను నడిపించిన మహానుభావుల చలవ.

పొడి నేల సిద్ధాంతం

విరుదునగరంలో నా పైన ఒక పెద్ద డాక్టరు ఉండేవారు. ఆయన కుర్చీ వెనక గాజు బీరువాలో లావుపాటి పుస్తకాలుండేవి. బీరువా తాళంచెవి ఆయన దగ్గరే. నేను చేరిన కొత్తలో మెడమీద రసి కారుతున్న కుక్కని చూసి, ఇది హాట్ స్పాట్ కాదా సార్ అని అడిగాను.

"అది గాలిలో తేమ ఎక్కువుండే దేశాల జబ్బు. ఇక్కడ నల్లరేగడి, ఎండ, దుమ్ము. తేమ ఎక్కడుంది? గజ్జి అని రాయండి" అన్నారు.

గజ్జి అని రాశాను. గజ్జి సూది వేశాను. కుక్కకి తగ్గిందో లేదో చెప్పడానికి యజమాని మళ్ళీ రాలేదు. రాకపోతే తగ్గినట్టే అన్నది పెద్ద డాక్టరు లెక్క. ఆ లెక్కన మా ఆస్పత్రిలో నయంకాని జబ్బంటూ ఒక్కటీ ఉండేది కాదు.

పదమూడేళ్ళు అలాగే రాశాను. ఇందులో నా తప్పు ఏమీ లేదని చెప్పను. పుస్తకాల బీరువాకి తాళం ఉంది కానీ, నా కళ్ళకి ఎవరూ తాళం వేయలేదు.

గురుసామన్న కత్తెర

కోవిల్‌పట్టికి మార్చాక అక్కడ కట్లు కట్టే పనిలో గురుసామన్న ఉన్నాడు. నాకంటే వయసులో పెద్ద. కడంబూరు వైపువాడు. ఆస్పత్రిలో చేరకముందు గొర్రెల బొచ్చు కత్తిరించేవాడు. ఆయన ఇంటి మాట కూడా తెలుగే కనుక మేమిద్దరం తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం. మూడో మనిషి లోపలికి వస్తే తమిళంలోకి మారేవాళ్ళం. తమిళనాట స్థిరపడ్డ మా తెలుగువాళ్ళందరికీ ఉన్న అలవాటే.

దీపావళి వచ్చే ఒక ఐప్పసి నెల వానల్లో చెన్నమ్మవ్వ వచ్చింది. కోవిల్‌పట్టికి తూర్పున, బస్సులో అరగంట దూరంలో నేతవాళ్ళ వీధి ఒకటుంది. అక్కడ చేతిమగ్గం మీద చీరలు నేసే ముసలావిడ. మా అమ్మకి దూరపు వరస. చీరముక్కలో చుట్టి కుక్కని తెచ్చింది. దాని పేరు మణి. తండ్రి ఎవరో పొమరేనియన్, తల్లి వీధికుక్క. మెడ చుట్టూ దూదేకినట్టు జుట్టు.

"నాయనా, మా మణికి మెడంతా నీరు కారతా ఉండాది. నిన్న రూపాయంత ఉన్నింది. ఈ పొద్దు సూస్తే అరచెయ్యంత అయిపోయినాది" అంది.

నేను చీటీ తీసి, అలవాటు ప్రకారం గజ్జి అని రాయబోయాను.

గురుసామన్న పక్కన నిలబడి, "ఎంటికలు తీసి సూస్తామా సారూ? సూడకుండానే రాసేస్తా ఉండారే" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. కట్లు కట్టేవాడు డాక్టరుకి చెప్పడమా అనుకున్నాను. అయినా కాదనడానికి కారణం దొరకలేదు. ఆయన వంపు కత్తెర తీసుకుని, "సూడు మణీ, సూడు, అయిపోయినాది, సూడు" అని కుక్కతో మాట్లాడుతూ, అట్టకట్టిన జుట్టుని పొరలు పొరలుగా తీశాడు. కింద చూస్తే, తాళం వేసిన బీరువాలోని పుస్తకంలో ఉన్న బొమ్మ. మెరుస్తున్న ఎర్రటి పుండు. దాని అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. గజ్జి అలా ఉండదు. చెవి తిప్పి చూస్తే లోపల నల్లటి జిగురు. దురద మొదలైంది అక్కడ.

కడిగాం, ఆరబెట్టాం, మందిచ్చాం. గరాటు లేకపోతే గురుసామన్న పాత ఎక్స్‌రే ఫిల్ము చుట్టి మెడకి కట్టాడు. అందులో ఎవరిదో విరిగిన మోకాలు కనబడుతుండేది. ఐదో రోజుకి పుండు ఎండిపోయింది.

మరి ఈ పొడి నేలలో తేమ ఎక్కడినుంచి వచ్చింది? అది తెలుసుకోవాలని ఆదివారం చెన్నమ్మవ్వ ఇంటికి వెళ్ళాను. మగ్గం ఉన్న గదిలో కాలుపెట్టగానే ఒళ్ళు జిగటగా అయింది. నేలంతా తడి. కిటికీలకి తడి గోనెసంచులు వేలాడుతున్నాయి. మగ్గం గుంటలో, అవ్వ కాళ్ళ దగ్గర, మణి పడుకుని ఉంది.

"ఇదేమవ్వా, ఇల్లంతా ఇట్లా తడిపినావు?"

"గాలి ఎండిపోతే పోగు తెగతాది నాయనా. దినమూ నేలకి నీళ్ళు కొట్టాల. మా అత్త కాలం నుంచీ ఇంతే."

"కుక్కని ఇక్కడ పండబెట్టొద్దు."

"దానికి సెప్పు. నా కాళ్ళు ల్యాకపోతే నిద్దర పోదు."

తేమ దేశాల జబ్బు ఇక్కడికి ఎలా వచ్చిందో అప్పుడు తెలిసింది. ఆకాశం ఇవ్వని తేమని మా నేతవాళ్ళు బిందెలతో తయారుచేసుకుంటున్నారు. ఇదంతా రెండు పేజీలు రాసి పెద్ద డాక్టరుకి పంపాను. ఆయన జవాబివ్వలేదు. తర్వాత ఒక పెళ్ళిలో కలిస్తే, "ఏమయ్యా, నేత నేర్చుకుంటున్నావట" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో నలుగురి పేర్లు నాకు ఇప్పటికీ గుర్తే.

కొత్తగా వచ్చేవాళ్ళకి ఇక్కడ ఒక మాట. ఊరి వాతావరణం రేడియో చెప్తుంది. కుక్క పడుకునే చోటి వాతావరణం ఎవరూ చెప్పరు, వెళ్ళి చూసుకోవాలి.

గొర్రెగా మారిన గోల్డెన్

మణి తర్వాత మాకు ధైర్యం వచ్చింది. వానాకాలంలో పుండు అన్న కుక్కకల్లా గురుసామన్న కత్తెర తీసేవాడు. లోపల పుండు కనబడితే నేను మందు రాసేవాడిని. తప్పులూ జరిగాయి. ఒక కుక్కకి దురద తగ్గే సూది ఒక్కటే వేసి, గరాటు కట్టకుండా పంపేశాను. రెండు రోజుల్లో పుండు రెండింతలై వచ్చింది. ఇంకో కుక్కకి తుంటిమీద మూడుసార్లు పుండు వస్తే మూడుసార్లూ పుండుకే మందిచ్చాను. తోక ఎత్తి, కింద నిండిపోయిన గ్రంథులు చూడాలన్న బుద్ధి నాలుగోసారికి వచ్చింది. పెద్ద డాక్టరు దగ్గర శిక్షణ ఊరికే పోతుందా.

అప్పుడు బ్రూనో వచ్చింది. గోల్డెన్ రిట్రీవర్. ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ యజమాని భార్య తెచ్చింది. ఆవిడని ఊరంతా మేడమ్ అనేది కనుక నేనూ మేడమ్ అనేవాణ్ణి. బ్రూనోకి రోజూ స్నానం, రోజూ షాంపూ. తర్వాత తడి టవల్లో చుట్టి సోఫా మీద కూర్చోబెట్టడం. ఫ్యాక్టరీలో అగ్గిపుల్లలు ఆరనంత ముసురు పట్టిన వారంలో కూడా ఆ స్నానం ఆగలేదట. ఫలితంగా తుంటి మీద పళ్ళెమంత పుండు.

గురుసామన్న తుంటిమీద జుట్టంతా తీసేశాడు. మేడమ్ ముఖం చూడాల్సిందే.

"డాక్టర్, నా కుక్కని గొర్రెని చేసేశారు."

"గొర్రెకి ఇన్ని స్నానాలు చేయించరు మేడమ్" అన్నాను. అనకూడదని తెలుసు. నాకు తెలిసిన మంచి విషయాలలో చాలావాటిని నేను పాటించలేదు.

వారానికి పుండు మానింది. రెండు నెలలకి జుట్టు వచ్చింది. కానీ మేడమ్ ఫోన్ మాత్రం జుట్టు తీసిన సాయంత్రమే విరుదునగరం చేరింది. మర్నాడు ముదలాళి నాతో మాట్లాడారు.

"డాక్టర్, మనం నడిపేది ఆస్పత్రా, సెలూనా?"

"పుండు మానుతుంది సార్."

"మానుతుంది సరే. మనుషులు మానుతారా? ఇకమీదట యజమాని సంతకం పెట్టకుండా కత్తెర పెట్టొద్దు. అన్నిటికీ మీరే ఎందుకు పరిగెత్తుతారు? జనానికి అవగాహన కలిగించండి. ఒక కరపత్రం రాయండి."

కరపత్రం

చాలా శ్రద్ధగా రాశాను. తమిళంలో పేజీన్నర. తలమీద ఏ పేరు పెట్టాలన్నదే చిక్కు. హాట్ స్పాట్‌కి తమిళంలో అందరికీ తెలిసిన మాట లేదు. హాట్ అంటే వేడి. తమిళంలో వేడిని సూడు అంటారు. 'సూట్టుప్పుణ్' అని పెట్టాను. వేడి పుండు అని అర్థం. మాట నోటికి బాగుందని నేనే రెండుసార్లు పైకి చదువుకున్నాను.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. మా వైపు సూడు అంటే ఉష్ణం ఒక్కటే కాదు, సగం జబ్బులకి మూలం. కళ్ళు మండితే సూడు. కడుపు నొస్తే సూడు. నోరు పూస్తే సూడు. సూడు చేసిందంటే మందు ఏమిటో పసిపిల్లవాడు కూడా చెప్తాడు. తలకి నూనె, ఒంటికి చన్నీళ్ళు. అంటే, జబ్బుకి పేరు పెడుతున్నాననుకుంటూ నేను చికిత్స రాసేశాను. అదీ తిరగేసిన చికిత్స. తడివల్ల వచ్చే పుండుకి తడి, ఊపిరాడని పుండుకి నూనె.

నేను ఈ ఊళ్ళలో పుట్టి పెరిగినవాణ్ణి. ముక్కులోంచి రక్తం వస్తే మా అమ్మ నా మాడుకి ఆముదం పట్టించేది. అయినా నాకు తట్టలేదు. తిరుపతిలో చదువుకునేటప్పుడు హాస్టల్లో నా తెలుగు విని, మీది ఏ రాజుల కాలం నాటి భాష అని ఆటపట్టించేవాళ్ళు. ముఖ్యంగా నేను 'సూడు' అంటే చాలు, వంట మనిషి దాకా అందరూ 'సూడు సూడు' అని వెక్కిరించేవాళ్ళు. ఇంటి మాటని బయట నోటికి రానివ్వకూడదని ఆ రోజుల్లో ఒట్టు పెట్టుకున్నాను. పెట్టుకున్నవాణ్ణి నిలబెట్టుకున్నాను కూడా. కరపత్రం రాసేటప్పుడు ఇంట్లోవాళ్ళు ఆ మాటని ఎలా వింటారని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మిగతా ముచ్చట ట్రస్టు మేనేజరు శంకరలింగం పూర్తిచేశాడు.

"సార్, ఒక్క పేజీకి మించకూడదు. వెనక పేజీ ప్రకటనకి" అన్నాడు.

ప్రకటన ఎవరిదో చెప్పనక్కర్లేదు. ముదలాళి మిల్లు ఆముదం. 'ఒంటి సూడుకి చల్లని తోడు' అని, నవ్వుతున్న కుటుంబం బొమ్మ.

పేజీకి తగ్గించడానికి శంకరలింగం మూడు కోతలు వేశాడు. జుట్టు కత్తిరించాలన్న భాగం పోయింది, మేడమ్‌కి నచ్చదని. నూనె పూయకూడదన్న వాక్యం పోయింది, వెనక పేజీకి నచ్చదని. అడుగున నా పేరు పోయింది, ఎవరికి నచ్చకో తెలియదు. మిగిలింది తలమీద సూట్టుప్పుణ్, పుండు ఎలా ఉంటుందన్న నాలుగు వాక్యాలు, శుభ్రంగా ఉంచండి, మా ఆస్పత్రికి రండి అన్న ఆహ్వానం.

ముదలాళి ఫోన్ చేసి మెచ్చుకున్నారు. "ఆ పేరు బాగా కుదిరింది డాక్టర్. జనానికి పట్టుకుంటుంది." నా ఉద్యోగ జీవితంలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

నేను మొదటి ఉత్తరం అప్పుడే రాశాను. నా పేరు ఎందుకు తీసేశారని. పేజీ నిండా రాశాను. చిన్నబుచ్చడం, మర్యాద, ఇన్నేళ్ళ సేవ, అన్నీ వచ్చాయి. ఆ ఉత్తరం నకలు నా దగ్గరుంది. దాంట్లో కత్తెర గురించి ఒక్క వాక్యం లేదు. నూనె గురించి ఒక్క వాక్యం లేదు. ఎన్నిసార్లు తిప్పి చూసినా లేదు.

మణి రెండోసారి

మరుసటి కార్తీకంలో చెన్నమ్మవ్వ మళ్ళీ వచ్చింది. మనిషికంటే ముందు వాసన వచ్చింది. గోనెసంచిలో మణి. మెడ చుట్టూ తడిగుడ్డ, గుడ్డ కింద నూనె జిడ్డు, జిడ్డు కింద అట్టకట్టిన జుట్టు. గురుసామన్న గుడ్డ విప్పాడు. జుట్టు కదులుతోంది. పురుగులు.

"ఎన్ని దినాలుగా ఇట్లుండాదవ్వా?" అన్నాను.

"తొమ్మిది దినాలు. మీ కాగితంలో ఉన్నట్టే సేసినాము నాయనా. మా మనవరాలు సదివి సెప్పింది. ముందర పక్క సూడు పుండు అని ఉండాది. వెనక పక్క సూడుకి నూనె అని ఉండాది. దినమూ రెండు తూర్లు నీళ్ళు పోసి, నూనె పట్టించి, తడిగుడ్డ సుట్టినాము. ఒక్క పూట కూడా తప్పలేదు."

"పోయినసారి ఎంటికలు తీసినాం కదా, గుర్తు లేదా?"

"గుర్తు ల్యాకేమి. కాగితంలో ఆ మాట ల్యాకపోయినాది. ఇప్పుడు డాక్టర్లు మందు మార్చినారేమో అనుకుంటిమి. అచ్చేసిన మాట కదా నాయనా."

గురుసామన్న కత్తెర తీసుకున్నాడు. సంతకం గింతకం ఎవరూ అడగలేదు. ఎప్పటిలా 'సూడు మణీ' అనలేదు. మధ్యాహ్నం దాకా ఒక్కొక్కటీ పట్టి తీశాం. పుండు లోతుగా గొంతుదాకా దిగింది. సెలైను పెట్టాం, సూదులు వేశాం. అవ్వ ఇంటికి పోనంది. మణిని బల్లమీంచి దింపించి, పక్కన నేలమీద కూర్చుని, దానికి తగిలేలా కాళ్ళు చాపింది. రెండు రోజులు అలాగే ఉంది. మూడో రోజు పొద్దున మణి చచ్చిపోయింది.

నేను అవ్వకి అంతా చెప్పాను. ఆ కాగితం రాసింది నేనే అని, ఆ పుండుకి తడి పనికిరాదని, నూనె పనికిరాదని, మాట నేనే తప్పు పెట్టానని. తిట్టినా బాగుండేది. ఆవిడ గోడమీది కరపత్రం వైపు చూసి అంది:

"సూడు అంటే తమిళంలో వేడి అని తీసుకుంటిమి. మన ఇంటి మాటలో తీసుకొని ఉంటే బతికుండును నాయనా. సూడు పుండు. ఎంటిక తీసి సూడు, పుండు ఉండాది. మన గురుసామి సెప్పింది అదే కదా."

కన్నీళ్ళేమీ పెట్టుకోకుండా అంది. సంచి మడిచి చంకలో పెట్టుకుని బస్సుకి వెళ్ళింది. గురుసామన్న స్టాండుదాకా తోడు వెళ్ళి వచ్చి, కత్తెర కడిగి, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేను మరిచిపోని అవమానాల జాబితా పెద్దదే. అందులో నాకు న్యాయంగా దక్కింది ఆ మౌనం ఒక్కటే.

పది ఉత్తరాలు

ఆ వారమే రెండో ఉత్తరం రాశాను. తలమీది మాట మార్చండి, కత్తిరించమన్న వాక్యం చేర్చండి, వెనక ప్రకటన తీసేయండి అని. నెల ఆగి మూడోది. తర్వాత నాలుగోది. ఐదోది రాశాక శంకరలింగం ఫోన్ చేశాడు.

"సార్, మీ మొదటి ఉత్తరం ఫైల్లో ఉంది. కరపత్రం మీద నా పేరు లేదు అని మీరే రాశారు. పేరు లేనివాళ్ళు దిద్దుబాటు ఎలా అడుగుతారు?"

"రాసింది నేనని నీకు తెలుసు కదయ్యా."

"నాకు తెలుసు సార్. ఫైలుకి తెలియదు."

నేను విన్న వాదనల్లో ఇంత నున్నటిది ఇంకోటి లేదు. పట్టుకోవడానికి ఎక్కడా అంచు దొరకదు. ముదలాళిని నేరుగా కలిసి మణి సంగతి చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. టీ తెప్పించారు.

"కుక్క పోయింది, బాధే. కానీ ఆముదం వల్ల ఎవరూ చచ్చిపోలేదు డాక్టర్. మా తాత తొంభై ఏళ్ళు బతికాడు" అన్నారు.

"మీ తాతగారి మెడమీద జుట్టు ఇంత దట్టంగా ఉండేదా సార్?" అన్నాను. టీ మధ్యలోనే లేచి వచ్చాను. మంచి టీ. దాన్ని వదిలేసినందుకు ఇప్పటికీ విచారిస్తాను.

రిటైరైన రోజు సభ పెట్టారు. శాలువా కప్పారు. డాక్టరు గారికీ ట్రస్టుకీ మధ్య ఒక్క పొరపొచ్చం కూడా రాలేదని శంకరలింగం మాట్లాడాడు. ఫోటో తీశారు. నా వెనక గోడమీద, ప్లాస్టిక్ తొడిగి అతికించిన కరపత్రం స్పష్టంగా పడింది. జ్ఞాపికగా రంగు కాగితం చుట్టిన బరువైన డబ్బా ఇంటికి పంపారు. విప్పి చూస్తే ఐదు లీటర్ల ఆముదం.

నేను రిటైరయ్యాక కరపత్రం ఫోనుల్లోకి ఎక్కింది. ఈ వానల్లో నా బంధువే ఒకడు, దండం పెట్టే బొమ్మలు మూడు జోడించి, కుక్కలున్నవాళ్ళు తప్పక చదవండి అని నాకే పంపాడు. ముందు పక్క, వెనక పక్క, రెండూ. ఈసారి కింద ఒక పేరుంది. ముదలాళిది.

గురుసామన్న కూడా రిటైరయ్యాడు. ఆయన కత్తెర నా దగ్గరుంది. వానాకాలంలో వీధిలోవాళ్ళు కుక్కల్ని తెస్తారు. ముందు జుట్టు తీస్తాను, తర్వాత మాట్లాడతాను. కొత్త డాక్టర్లకి నేను చెప్పగలిగింది ఇదే. మీరు పెట్టే పేరు జబ్బుకి పెట్టినట్టు కాదు, ఆ పేరు విన్నవాళ్ళ చేతికి మందు ఇచ్చినట్టు. పేరు పెట్టేముందు దాన్ని ఒక ముసలావిడకి వినిపించి, ఇది వస్తే ఏం చేస్తావవ్వా అని అడగండి. ఆవిడ చెప్పింది విని మీ వెన్ను జల్లుమంటే, పేరు మార్చండి. అచ్చయ్యాక మార్చడం ఎంత సులువో పైన చదివారు కదా.

ఇక ముదలాళి గారికి. ఇది పన్నెండోది. మీ మేనేజరుకి తెలుగు రాదు, అందుకని తెలుగు వచ్చినవాళ్ళెవరిచేతనైనా చదివించి, తమిళంలో చెప్పించుకోండి. పేరు లేనివాడు దిద్దుబాటు అడగకూడదన్నారు. ఇప్పుడు ఆ కాగితం మీద మీ పేరుంది, కనుక మీరు దిద్దవచ్చు. నా పేరు వేయమని ఇక అడగను. తప్పు నాదని వేయాలనుకుంటే మాత్రం వేయండి, పెద్ద అక్షరాలతో వేయండి. సూడు అన్న మాట కొట్టేస్తారా, లేదా? జుట్టు కత్తిరించమని ఒక్క వాక్యం చేరుస్తారా, లేదా? రెండు ప్రశ్నలు, రెండు మాటల జవాబు. కార్డు మీద సరిపోతుంది. చిరునామా కోసం వెతకనక్కర్లేదు. ఆముదం డబ్బా సరిగ్గానే చేరింది.